ఆల్చిప్ప గుర్తున్న బాట



ఈ నెల ఉత్తరాల కట్టలో నల్లగొండ జిల్లా దామరచర్ల నుంచి ఒక కార్డు వచ్చింది. రాసినవాడు ఆరో తరగతి. వాళ్ల నాయనమ్మ కొందరితో కలిసి ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవానికి నడిచి వెళుతుందట. తనూ వస్తానంటే ఇంట్లో వద్దన్నారట. "రైలూ బస్సూ ఉండగా నడవటం దేనికి? పెద్దవాళ్లు నడవగా లేనిది నేనెందుకు నడవకూడదు? ఇతర దేశాలలో కూడా ఇలా నడుస్తారా?" అని మూడు ప్రశ్నలు వేశాడు. మూడూ మంచి ప్రశ్నలే. చివరి దానితో మొదలుపెడతాను. ఎందుకంటే దానిలో కథ ఎక్కువ.

ముందు గుణదల సంగతి రెండు ముక్కలు. అది విజయవాడలో ఒక కొండ. ఆ కొండ పక్కన 1924లో మేరీమాత విగ్రహాన్ని నిలిపారు. ఇందుకు నమూనా ఫ్రాన్సు దేశంలోని లూర్దు అనే ఊరు. 1858 ఫిబ్రవరి 11న అక్కడ బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పిల్ల పుల్లలేరుకోవటానికి పోయి, ఒక గుహలో తనకు తెల్లని బట్టలు కట్టిన స్త్రీ కనిపించిందని చెప్పింది. ఆమె మేరీమాతేనని జనం నమ్మారు. అందుచేతనే గుణదల ఉత్సవం కూడా ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగుతుంది. అక్కడికి వచ్చినవాళ్లు తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. లూర్దులో ఇవేవీ లేవు. దేవుడి దగ్గరికి పోయే పద్ధతి మాత్రం మనవాళ్లు తమదే ఉంచుకున్నారు!

లూర్దు పిరనీస్ పర్వతాల పాదాన ఉన్నది. ఫ్రాన్సుకూ స్పెయినుకూ నడుమ గోడలా నిలిచిన పర్వతాలివి. ఈ పర్వతాలనే దాటుకుని, వెయ్యేళ్లుగా జనం నడుస్తున్న బాట ఒకటి ఉన్నది. దాని పేరు కామినో. స్పానిష్ భాషలో కామినో అంటే దారి, అంతే. అది స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న శాంతియాగో అనే పట్నానికి పోతుంది. ఏసుక్రీస్తు శిష్యులలో ఒకడైన యాకోబు సమాధి అక్కడ ఉన్నదని క్రైస్తవుల నమ్మకం. ఆ సమాధి తొమ్మిదో శతాబ్దంలో బయటపడిందని చెబుతారు.

శాంతియాగోకు దారులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పేరుపొందినది ఫ్రాన్సులో కొండ కింద మొదలై సుమారు 780 కిలోమీటర్లు సాగుతుంది. అంటే ఎంతో తెలుసా? విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా నడిచిపోయి, మళ్లీ విజయవాడకు నడిచి వచ్చినా ఇంకా కొంత మిగులుతుంది. రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున నడిస్తే నెల పైన పడుతుంది.

పన్నెండో శతాబ్దంలోనే ఈ బాట గురించి ఒక పుస్తకం రాశారు. ఎక్కడ బస చేయాలి, ఏ ఏటి నీళ్లు తాగవచ్చు, ఏ ఏటి నీళ్లు తాగితే గుర్రాలు చస్తాయి – ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ రాతప్రతిని 2011లో ఎవరో దొంగిలించారు. ఏడాది తరవాత అది ఒక గరాజులో దొరికింది. తీసినవాడు ఆ చర్చిలోనే వెనక పనిచేసిన ఎలక్ట్రీషియన్!

ఈ బాటకు గుర్తు ఆల్చిప్ప. శాంతియాగో అవతల సముద్రం ఉన్నది. పూర్వం యాత్రికులు అక్కడి ఒడ్డున ఆల్చిప్ప ఏరుకుని, అంతదూరం పోయివచ్చామనటానికి సాక్ష్యంగా టోపీకి కుట్టుకుని ఇంటికి వచ్చేవాళ్లు. దారిలో దానితో నీళ్లు కూడా ముంచుకు తాగేవాళ్లు. ఆ చిప్ప మీద గీతలు చూడండి. విడివిడిగా బయలుదేరి చివరకు ఒకచోట కలుస్తాయి. నలుదిక్కుల నుంచి వచ్చే దారులు శాంతియాగోలో కలిసినట్టే.

కొన్ని వందల ఏళ్లు కిటకిటలాడిన బాట తరవాత పాడుపడింది. పొదలు పెరిగాయి. పొలాలవాళ్లు కొంత దున్నుకున్నారు. ఆ కొండలలో ఒక చిన్న ఊళ్లో ఎలియాస్ వాలిన్యా అనే ఫాదరీ ఉండేవాడు. 1984లో ఆయన తన పాతకారులో పసుపు రంగు డబ్బాలు వేసుకుని బయలుదేరి, చెట్ల మీదా రాళ్ల మీదా గోడల మీదా పసుపు బాణాలు గీసుకుంటూ పోయాడు. రోడ్డు పనివాళ్ల దగ్గర మిగిలిన రంగే అదని అంటారు. సరిహద్దు దగ్గర పోలీసులు ఆపి, ఏం చేస్తున్నావని గద్దిస్తే, ఫ్రాన్సు నుంచి పెద్ద దండయాత్ర రాబోతున్నది, దానికి ఏర్పాట్లు చేస్తున్నానని జవాబిచ్చాడని చెప్పుకుంటారు. మాట అలా ఉంచి, దండు మాత్రం నిజంగానే వచ్చింది. 1987లో శాంతియాగో చేరి యోగ్యతాపత్రం పుచ్చుకున్న యాత్రికులు దాదాపు 3 వేలు. 2024లో దాదాపు 5 లక్షలు! ఆయన ఆ దండును చూడకుండానే 1989లో పోయాడు. బాణాలు ఉన్నాయి.

యోగ్యతాపత్రం అన్నాను గదా. అది కావాలంటే కనీసం 100 కిలోమీటర్లు నడవాలి. సైకిలు మీద పోయేవాళ్లు 200 తొక్కాలి. నడిచినట్టు రుజువు కోసం యాత్రికుడి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంటుంది. బస చేసిన చోటల్లా, చర్చిలోనో, కాఫీ కొట్టులోనో, అందులో ముద్ర వేయించుకోవాలి. నెల రోజులు తీరికలేనివాళ్లు చివరి 115 కిలోమీటర్లు జట్టుగా నడుస్తారు. ఇలాంటి జట్లను నడిపించే కంపెనీలు ఉన్నాయి. పదిపన్నెండు మంది, ముందు ఒక గైడు, సామాను బండిలో వెళ్లిపోతుంది, రాత్రికి మెత్తని పరుపు. అది యాత్రా, షికారా అని అక్కడివాళ్లే వాదించుకుంటారు. నా మట్టుకు నాకు, కాళ్లు ఎవరివైతే యాత్ర వారిదే. సామాను బండిలో పోతే పోనివ్వండి.

శాంతియాగో చర్చిలో ఒక వింత ఉన్నది. అది చెప్పకపోతే మన సైన్సు పేజీవాళ్లు ఊరుకోరు. అక్కడ బోతాఫుమైరో అనే ధూపపాత్ర ఉన్నది. ఒకటిన్నర మీటరు ఎత్తు, 53 కిలోల బరువు. దాన్ని పైకప్పు నుంచి తాడుతో వేలాడదీశారు. ఎనిమిది మంది తాడు లాగితే అది చర్చి ఈ చివర నుంచి ఆ చివరకు ఊగుతుంది. వేగం గంటకు 68 కిలోమీటర్ల దాకా పోతుంది. మొదట ఒకసారి కదిలించాక ఎవరూ దాన్ని పక్కకు తోయరు. తాడును కిందికి లాగటం, వదలటం, అంతే. మరి పక్కలకు ఎలా ఊగుతుంది?

మీరు అట్లతద్ది ఉయ్యాల ఊగారా? ఉయ్యాల బల్ల మీద నిలబడి ఊగేటప్పుడు ఏం చేస్తారు? చివరకు పోయినప్పుడు మోకాళ్లు వంచి కూచుంటారు. నడుమకు, అంటే కిందికి, వచ్చినప్పుడు లేచి నిలుచుంటారు. ఎవరూ తోయకుండానే ఉయ్యాల పెరుగుతుంది. కింద ఉన్నప్పుడు ఉయ్యాల వేగం హెచ్చు, మిమ్మల్ని కిందికి అదిమే బలం కూడా హెచ్చు. ఆ బలానికి ఎదురు లేవటంలో మీరు చేసే పని ఎక్కువ. చివర్లలో కూచునేటప్పుడు తిరిగి పోయేది తక్కువ. మిగిలినదంతా ఊపులోకి చేరుతుంది. ఆ ఎనిమిది మంది చేసేదీ ఇదే. పాత్ర కిందికి వచ్చినప్పుడు తాడు లాగి పొట్టి చేస్తారు, చివరకు పోయినప్పుడు వదిలి పొడుగు చేస్తారు. సైన్సు పుస్తకాలు రాకముందే వాళ్లకు ఈ కిటుకు తెలుసు. మన పిల్లలకూ తెలుసు!

ఇక నడవటం దేనికి అన్న ప్రశ్న. మీ నాయనమ్మ మొక్కుకున్నది కాబట్టి నడుస్తుంది. రైలులో పోతే మొక్కు తీరదు. ఇంతకు మించిన జవాబు నా దగ్గర లేదు. శబరిమల కొండ ఎక్కేవాళ్లూ, శ్రీశైలానికి నల్లమల అడవిలో నడిచేవాళ్లూ ఇదే చెబుతారు. మీరు ఆమెనే అడగండి. కాని, నడిచేటప్పుడు అడగండి. కూచున్నప్పుడు చెప్పని మాటలు మనుషులు నడిచేటప్పుడు చెబుతారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మిమ్మల్ని ఎందుకు వద్దన్నారు? కాళ్లు చాలవనా? దామరచర్ల నుంచి గుణదల ఎటు పోయినా నూరు కిలోమీటర్లకు పైనే. అయినా పన్నెండేళ్ల పిల్లవాడు రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసుకుంటే నడవగలడు. అడ్డం కాళ్లు కాదు, రోడ్డు. మీ ఊరి మీదుగా పోయే నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఎండకు జడిసి యాత్రికులు తెల్లవారకముందే బయలుదేరతారు. ఫిబ్రవరిలో ఆ వేళకు మంచు ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వస్తుంది. మనిషిని చూసి డ్రైవరు కాలు బ్రేకు మీద పడేలోగానే ఆ 17 మీటర్లు అయిపోతాయి. బ్రేకు పడ్డాక లారీ ఆగటానికి ఇంకా దూరం కావాలి. నల్లని శాలువ కప్పుకున్న మనిషి చీకట్లో దగ్గరకు వస్తేగాని కనిపించడు.

అందుచేత ఈ నాలుగు మాటలూ మీ నాయనమ్మకు చదివి వినిపించండి. కాలిబాట లేని చోట రోడ్డుకు కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కంటపడేటట్టు, ఒకరి వెనక ఒకరు నడవాలి. అందరూ తెల్లని బట్టలు వేసుకోవాలి. మెరిసే పట్టీలు దొరికితే వీపున కుట్టుకోవాలి. ముందువాడి చేతిలో ఒక దీపం, చిట్టచివరివాడి చేతిలో ఒక దీపం ఉండాలి. జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడవనివ్వాలి. లేకపోతే వాళ్లు వెనకబడి, చీకట్లో ఒంటరిగా మిగిలిపోతారు. చెప్పులు కొత్తవి వద్దు. కొత్తచెప్పు రాసుకుని, చెమటకు నానిన చర్మం పైపొర లేచి, మధ్య నీరు చేరితే అదే బొబ్బ. దాని తోలు తీయకూడదు. కింది లేతచర్మానికి అదే కట్టు.

మీరు ఈ ఏడు వెళ్లకపోయినా ఒక పని చేయవచ్చు. మీ వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది గదా. ఆ నీరు పులిచింతల ఆనకట్ట దాటి, అమరావతి పక్కగా విజయవాడ చేరుతుంది. నాయనమ్మ బయలుదేరిన నాటినుంచి పటం మీద ఆమె చేరిన ఊళ్లు గుర్తు పెట్టండి. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో ఫోనులో అడిగి రాయండి. ఏటి వంపులకూ రోడ్డు వంపులకూ తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది.

చివరగా అందరికీ ఒక లెక్క. కృష్ణ పుష్కరాలు 2016లో వచ్చాయి, మళ్లీ 2028లో వస్తాయి. గురుగ్రహాన్ని బట్టి పన్నెండేళ్లకొకసారి. శాంతియాగోకు కూడా పుణ్య సంవత్సరం ఉన్నది. యాకోబు పండుగ జులై 25 ఆదివారం పడితే ఆ ఏడు పుణ్య సంవత్సరం. 2010లో పడింది. తరవాత 2021, 2027, 2032, 2038, 2049. నడుమ ఎడం చూడండి: 11, 6, 5, 6, మళ్లీ 11. ఎందుకిలా? మామూలు ఏడాదికి 52 వారాలూ ఒక రోజూ. కాబట్టి ఏ తేదీ అయినా మరుసటి ఏడు వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. ఫిబ్రవరి తరవాతి తేదీలైతే లీపు సంవత్సరంలో రెండు రోజులు దూకుతాయి. 2043లో జులై 25 శనివారం. 2044 లీపు సంవత్సరం కనక ఆదివారాన్ని దాటేసి సోమవారం పడుతుంది. అందుకే అన్నేళ్లు ఆగవలసి వస్తుంది. 6, 5, 6, 11 కలిపితే 28.

మీ పుట్టినరోజు 2050 లోపల ఏయే ఏళ్లలో ఆదివారం పడుతుందో లెక్కకట్టి కార్డు మీద రాసి పంపండి. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లు ఎవరైనా ఉంటే తప్పక రాయండి. వాళ్ల లెక్క వేరు.