కీచులాటా, సాక్ష్యమా?

"మొగుడూ పెళ్ళాలన్నాక గొడవలు ఉండవా?" ఈ మాట ఊరి పంచాయితీలో వింటాం, పోలీసు స్టేషన్లో వింటాం. భార్య అనుమానాస్పదంగా చనిపోతే కోర్టులో డిఫెన్సు లాయరు నోటా ఇదే వింటాం. బతికున్నన్నాళ్ళూ ఆమెను సర్దుకుపొమ్మనడానికి పనికొచ్చిన మాటే, చనిపోయాక ఆమె పడ్డ బాధకు సాక్ష్యంగా విలువ లేకుండా చేయడానికీ పనికొస్తోంది. ఇంకోపక్క బయట జనం భర్త ఏడ్చాడా లేదా అన్నది చూసి తీర్పు చెప్పేస్తుంటారు. హత్య కేసులో దంపతుల ప్రవర్తనలో ఏది సాక్ష్యం, ఏది కాదు అన్నది స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం స్పష్టం చేసుకోవాలి.

లా చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన సార్దా కేసునే తీసుకుందాం. 1982 ఫిబ్రవరిలో పెళ్ళయిన ఒక యువతి నాలుగు నెలలకే, జూన్‌లో, పూనాలోని అత్తవారింట సైనైడ్ విషంతో చనిపోయింది. ఆమె తన అక్కచెల్లెళ్ళకూ, స్నేహితురాలికీ రాసిన ఉత్తరాల్లో భర్త నిరాదరణ గురించీ తన దిగులు గురించీ చెప్పుకుంది. సెషన్స్ కోర్టు భర్తకు ఉరిశిక్ష వేసింది. బొంబాయి హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1984 జూలైలో సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది.

ఆ రాత్రి ఏం జరిగిందో ఇక్కడ కూర్చుని తేల్చడం నా ఉద్దేశం కాదు. నేను చూడమంటున్నది ఆ ఉత్తరాలు ఏమయ్యాయన్నది. కింది కోర్టులకు అవి భర్త ప్రవర్తనకు సాక్ష్యాలు. సుప్రీంకోర్టు చేతికి వచ్చేసరికి అవే ఉత్తరాలు భార్య మనస్తత్వానికి సాక్ష్యాలయ్యాయి. ఆమె చాలా సున్నిత మనస్కురాలనీ, కోరుకున్న ప్రేమ దొరక్క నిరాశతో తనే ప్రాణం తీసుకుని ఉండొచ్చనీ ప్రధాన తీర్పు భావించింది. అతను ఆమెతో ఎలా ఉన్నాడన్న ప్రశ్న పక్కకు పోయి, ఆమె ఎలాంటి మనిషి అన్న ప్రశ్న ముందుకొచ్చింది. సున్నితం అన్న మాట మెప్పులాగే ఉంటుంది కానీ, చావు బాధ్యతను మోసేది మాత్రం చనిపోయినామెనే. పైగా ఆమె చనిపోయే నాటికి 498ఎ సెక్షనే లేదు. అది 1983 చివర్లో వచ్చింది.

అయితే అదే తీర్పు చెప్పిన ఇంకో మాటను మనం తోసిపుచ్చకూడదు. పరిస్థితుల సాక్ష్యం మీద ఆధారపడిన కేసులో అనుమానం ఎంత బలమైనదైనా రుజువు కాదు, ముద్దాయి తప్ప ఇంకెవరూ చేసి ఉండరని తేలాలి అని అది చెప్పింది. ఈ సూత్రం వల్ల నష్టపోతున్నది స్త్రీలే కదా అని కొందరు అంటారు. ముద్దాయి బోనులో స్త్రీ నిలబడినప్పుడు ఆమెకున్న రక్షణ కూడా అదేనని మరిచిపోవద్దు.

ఆస్ట్రేలియాలో 1980లో ఒక దంపతుల తొమ్మిది వారాల పాప ఉలురు దగ్గర మాయమైంది. డింగో అనే అడవికుక్క ఎత్తుకుపోయిందని తల్లి లిండీ చేంబర్లీన్ చెబితే నమ్మలేదు. కన్నతల్లి టీవీలో అలా నిబ్బరంగా మాట్లాడుతుందా అన్నారు. 1982లో హత్యానేరం మోపి ఆమెకు యావజ్జీవ శిక్ష వేశారు. పాప కోటు దొరకడంతో 1986లో విడుదల చేశారు. 1988లో శిక్ష రద్దయింది. డింగోయే కారణమని అధికారికంగా తేల్చింది 2012లో. ఏడుపు సాక్ష్యం కాదు, ఏడవకపోవడమూ సాక్ష్యం కాదు. చావు తర్వాత ముఖకవళికలు చూసి తీర్పు చెప్పే అలవాటు ముందుగా కాటేసేది, లోకం అనుకున్నట్టు నడుచుకోని ఆడదాన్నే.

చావుకు ముందు సాగిన హింస సంగతి వేరు. అమెరికాలో 1994లో నికోల్ బ్రౌన్, ఆమె స్నేహితుడు హత్యకు గురైన కేసులో ముద్దాయి ఆమె మాజీ భర్త, ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్. భార్యను కొట్టిన నేరాన్ని 1989లో అతను కోర్టులో ఎదిరించలేదు. భయంతో ఆమె పోలీసులకు చేసిన ఫోన్ల రికార్డులున్నాయి. అయినా డిఫెన్సు బృందంలోని అలన్ డెర్షోవిట్జ్ ఏమన్నాడు? భార్యల్ని కొట్టేవాళ్ళలో చంపేదాకా పోయేవాళ్ళు వెయ్యికి ఒక్కరు కూడా ఉండరు, కనుక ఆ దెబ్బల ప్రసక్తే అనవసరమన్నాడు. 1995లో జ్యూరీ సింప్సన్‌ను నిర్దోషి అన్నది. గృహహింస సాక్ష్యంతో కాలం వృథా అయిందని జ్యూరీ సభ్యురాలొకరు తర్వాత అన్నారు. 1997లో సివిల్ కోర్టు జ్యూరీ మాత్రం ఆ చావులకు అతన్నే బాధ్యుణ్ణి చేసింది.

డెర్షోవిట్జ్ వాదనలోని లొసుగును గణాంక శాస్త్రవేత్త ఐ.జె. గుడ్ 1995లోనే 'నేచర్' పత్రికలో ఎత్తి చూపాడు. దెబ్బలు తినే భార్యల్లో ఎందరు హత్యకు గురవుతారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఆమె హత్య అప్పటికే జరిగిపోయింది. దెబ్బలు తిన్న భార్య హత్యకు గురైతే, చంపింది ఆ కొట్టినవాడే అయ్యే అవకాశమెంత అని అడగాలి. అలా అడిగితే ఆ అవకాశం చాలా ఎక్కువని తేలుతుంది. అంతమాత్రాన నేరం రుజువైపోదు. కానీ ఆ దెబ్బలను 'మామూలు గొడవలు' అని పక్కకు నెట్టడానికి వీల్లేదు.

మన చట్టం ఈ సంగతిని కొంతవరకే గుర్తించింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చనిపోయిన స్త్రీని, చావుకు కొద్దికాలం ముందు కట్నం కోసం హింసించారని చూపిస్తే, అది వరకట్న మరణమేనని కోర్టు భావించాలని 1986లో చట్టంలో చేర్చారు. 2024 జూలై నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమంలో 118వ సెక్షను. మరి ఎనిమిదో ఏట చనిపోయినామె సంగతి? కట్నం ఊసు లేకుండా, అనుమానంతో తన్నులు తిన్నామె సంగతి? వీళ్ళకు ఆ సెక్షను వర్తించదు. వాళ్ళ కాపురం మళ్ళీ 'కీచులాట'గానే మిగులుతుంది.

అందుకని మనం అడగాల్సింది రుజువు ప్రమాణం తగ్గించమని కాదు, ఉన్న సాక్ష్యాన్ని సక్రమంగా చదవమని. ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, ఏ బెదిరింపుతో కొట్టాడు, వదిలి వెళ్ళబోతే ఏం చేశాడు అన్నవి వరుసగా చూడాలి. ఆమె కోపిష్టా, అనుమానపు మనిషా అన్న చర్చ ఆ వరుసను చెరపకూడదు.

ఆ సాక్ష్యం నిలవాలంటే ముందు కాగితం మీదికి ఎక్కాలి. సంఘాలకు వచ్చే ప్రతి స్త్రీ మాటనూ తేదీతో సహా ఆమె మాటల్లోనే రాయాలి. దెబ్బలను ఆస్పత్రిలో నమోదు చేయించాలి. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి చేత సంఘటన నివేదిక రాయించాలి. రాజీ కుదిరిందని ఫిర్యాదును చించేసే పద్ధతిని మన సంఘాల్లోనైనా మానాలి. ఆ కాగితాలు రేపు ఆమె చావు కేసులో ఎగ్జిబిట్లు కావడానికి కాదు, ఇవాళ ఆమె ప్రాణం నిలపడానికి పనికిరావాలి.