మెరిట్ వాదులారా, ముందు తూకం ఎక్కండి



చదువుల్లో కులం గురించి రాస్తున్న ఈ వరుసలో ఈసారి జూడో గురించి రాస్తున్నాను. నవ్వకండి. విషయం మెరిటే.

ముప్పై నాలుగేళ్ల వయసులో జూడో నేర్చుకోవడం మొదలుపెట్టాను. పసుపు, ఆరెంజ్ దాటి ఇప్పుడు ఆకుపచ్చ బెల్టు కడుతున్నాను. నాతోపాటు తెల్ల బెల్టు కట్టినవాళ్లలో ఎక్కువమంది బడి పిల్లలు. జూడోలో మొదట నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేత్తో చాపను చరుస్తూ పడాలి. పిల్లలకు రెండు రోజుల్లో వచ్చింది నాకు రెండు వారాలు పట్టింది. ఒళ్లు హూనమైంది. అయినా బెల్టు పరీక్ష వాళ్లకూ నాకూ ఒకటే.

ఇది చూసి అక్కడికి వచ్చే ఒక పెద్దమనిషి నాకు జ్ఞానబోధ చేశాడు. "చూశారా మేడమ్, ఇక్కడ రిజర్వేషన్ లేదు. అందరూ తెల్ల బెల్టుతోనే మొదలు. కష్టపడ్డవాడికే నల్ల బెల్టు. దేశం కూడా ఇలా ఉంటే ఎంత బాగుండేది!"

ఈ మాట నాకు కొత్త కాదు, మీకూ కొత్త కాదు. హాస్టల్ మెస్సులో "నీ ర్యాంకెంత?" అని అడుగుతారు. అడిగేది ర్యాంకు కోసం కాదు, కులం కోసం. మా కాలేజీలో బాగా చదివే ఒక అమ్మాయి, వాళ్లింట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి, ఒకరోజు గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, నేను వేరేవాళ్ల సీటు లాక్కున్నట్టా?" చదువుకునే పిల్ల నోట ఈ ప్రశ్న పలికించినవాళ్లకే ఈ జవాబు.

సరే, మీరే జూడోను సాక్షిగా పిలిచారు. జూడోనే అడుగుదాం.

జిగొరో కానో 1882లో టోక్యోలో కోడోకాన్ స్థాపించాడు. ఒడుపు తెలిస్తే చిన్నవాడు పెద్దవాణ్ని పడగొట్టగలడన్నది ఆ విద్యకు పునాది నమ్మకం. అదే టోక్యోలో 1964లో జూడో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. నాలుగు విభాగాలు పెట్టారు: 68 కేజీల లోపు, 80 లోపు, 80 పైన. నాలుగోదానికి బరువు పట్టింపు లేదు, ఎవరైనా దిగొచ్చు. దాని పేరేమిటో తెలుసా? ఓపెన్ కేటగిరీ.

బరువు విభాగాలు మూడింటిలోనూ జపాన్ బంగారు పతకాలు గెలిచింది. ఓపెన్‌లో మాత్రం జపాన్ వీరుడు అకియో కమినాగాను నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ గీసింక్ ఓడించాడు. గీసింక్ దాదాపు రెండు మీటర్ల మనిషి. ఒట్టి కండబలంతో గెలవలేదు, జపాన్ వెళ్లి జపాన్ వాళ్ల దగ్గరే సాధన చేసినవాడు. నేర్పు ఇద్దరికీ ఉన్నప్పుడు పెద్ద ఒళ్లున్నవాడిది పైచేయి అవుతుందని జూడో తన సొంత గడ్డ మీదే చూసింది. 1984 తర్వాత ఒలింపిక్స్‌లో ఓపెన్ కేటగిరీ ఎత్తేశారు. బరువు విభాగాలు పెరిగాయి. ఇప్పుడు ఆడవాళ్లకు ఏడు, మగవాళ్లకు ఏడు. మెరిట్ చచ్చిపోయిందని ఎవరూ కొవ్వొత్తులు వెలిగించలేదు. 48 కేజీల విభాగంలో పతకం తెచ్చిన అమ్మాయిని "78 పైన ఉన్నావిడను ఓడించి చూపించు" అని ఎవరూ అడగరు. అది సగం పతకం అని కూడా అనరు.

అంటే పెద్దమనిషీ, మీరు మెచ్చుకున్న ఆట నిలబడిందే కేటగిరీల మీద. మీకు ఇష్టమైనది జూడో కాదు. ఓపెన్ కేటగిరీ. అదీ బరువంతా మీ వైపు ఉన్నంతకాలమే.

"ఒంటి బరువు వేరు, బుర్ర వేరు" అంటారు. నిజమే, బుర్రలు అందరివీ ఒకటే. అందుకే మిగతా బరువు లెక్క తీయాలి. తాత చదివిన డిగ్రీ బరువు. పొలం బరువు. ఏ కోర్సులో చేరాలో, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో చెప్పే బాబాయిల బరువు. ఇంటర్వ్యూ గదిలో మనిషికన్నా ముందు లోపలికి వెళ్లే ఇంటిపేరు బరువు. మా అమ్మ మిరప కోతలకు పోయేది. కోతల రోజుల్లో నాకు బడి ఉండేది కాదు, చెల్లెలు ఉండేది. నేనూ మీ అబ్బాయీ ఒకే పరీక్ష హాల్లో కూర్చున్నంత మాత్రాన ఒకే బరువుతో కూర్చున్నట్టు కాదు.

ఇంకో సంగతి. రిజర్వేషన్ చాప మీదికి రానిస్తుంది, అంతే. ఎంబీబీఎస్‌లో సీటు కేటగిరీతో రావచ్చు, పాస్ మార్కు మాత్రం అందరికీ ఒకటే. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షించినవాళ్లు ఎస్సీలకని వేరే కొలబద్ద తేలేదు. డబ్బు కట్టి బి కేటగిరీలో చేరిన డాక్టరు దగ్గర మాత్రం మీకు మెరిట్ గుర్తుకు రాదు, నాడి చూపించుకుంటారు.

ఇక "కష్టపడ్డవాడికే నల్ల బెల్టు" అన్న మాట. కైకో ఫుకుదా పేరు విన్నారా? కానోకు జుజుత్సు నేర్పిన గురువు మనవరాలు. 1935లో జూడోలో చేరింది. నల్ల బెల్టు వచ్చాక కూడా డాన్ అని మెట్లుంటాయి. ఆమె 1953లో ఐదో డాన్ అందుకుంది. ఆరోది 1972లో. మధ్యలో పంతొమ్మిదేళ్లు సాధన మానేసిందా? లేదు, ప్రపంచానికి జూడో నేర్పుతోంది. ఆడవాళ్లకు ఐదు దాటి ఇవ్వకూడదన్నది కోడోకాన్ కట్టుబాటు. అమెరికాలో మహిళా ఉద్యమకారులు నిలదీసి ఒత్తిడి తెచ్చాకే ఆరో మెట్టు తెరుచుకుంది. 2011లో, 98 ఏళ్ల వయసులో, అమెరికా జూడో సంఘం ఆమెకు పదో డాన్ ఇచ్చింది. 1972లో మారింది ఆమె ప్రతిభ కాదు, రూలు. రూలు దానంతటదే మారలేదు.

హిందూ సమాజం మెట్లు లేని అంతస్తుల మేడ అని అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' తొలి సంచికలో రాశాడు. మెట్లున్న చోట కూడా తలుపులకు తాళాలుంటాయని ఫుకుదా బతుకు చెబుతోంది. మనకు మేడ కట్టిన తీరే అది, పైన తాళాలు అదనం.

చివరి ప్రశ్న మీరు ఎప్పుడూ అడిగేదే: "ఇంకా ఎన్నాళ్లు?" జూడోలో దీనికి చక్కటి పద్ధతి ఉంది. ప్రతి పోటీకి ముందు తూకం వేస్తారు. బరువు మారితే విభాగం మారుతుంది. మేమూ అదే అంటున్నాం, తూకం వేయండి. కులాలవారీగా భూమి ఎంత, ఉద్యోగాలెన్ని, ప్రొఫెసర్లు ఎందరు, జడ్జీలు ఎందరు, లెక్క తీసి గోడకు అతికించండి. 1931 తర్వాత అన్ని కులాల లెక్కా ఏ జనాభా లెక్కల్లోనూ అచ్చు కాలేదు. తూకం యంత్రాన్ని దాచిపెట్టి "మీరు ఇంకా తేలికగానే ఉన్నారా?" అని అడగడం ఏం న్యాయం?

2019లో 103వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న అగ్రకులాలవాళ్లకు పది శాతం ఇచ్చారు. పేద దళితుడికి అందులో చోటు లేదు. ఆ రోజు మెరిట్ ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. కేటగిరీ అంటే మీకు కోపం లేదని, అందులో మేముంటేనే కోపమని అప్పుడే తేలిపోయింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ర్యాంకు అడిగినవాడికి తల దించకండి. "నీ బరువెంత?" అని తిరిగి అడగండి. తాత ఏం చదివాడు, పొలం ఎంత, కోచింగ్‌కు ఎంత కట్టారు, లెక్క చెప్పమనండి. లెక్క చెప్పాక మాట్లాడదాం. వీలైతే ఏదో ఒక ఆట నేర్చుకోండి, ఏ వయసైనా సరే. పడినా తల పగలకుండా పడటం, వెంటనే లేవడం మన పిల్లలకు క్యాంపస్‌లో రోజూ పనికొచ్చే విద్య.

మీ కాలేజీల్లో ఈ ప్రశ్న ఎలా అడుగుతున్నారో, మీరేం జవాబు చెబుతున్నారో రాయండి. వచ్చే భాగంలో వాటి గురించే మాట్లాడుకుందాం.

జై భీమ్.