ఎండ్రికాయ బుంగల గుళికలు పోస్తున్న అన్నలకు

నాట్లు మొదలైనయ్. పొద్దున ఒడ్డు మీద నడుస్తుంటే పక్క మడిల ఒకాయన బుంగ బుంగకు గుళికలు పోసుకుంట పోతున్నడు. ఏందన్నా అంటే, ఎండ్రికాయలు నీళ్లు ఆగనిస్తలేవు అన్నడు. ఆయన్ని ఏమీ అనలేకపోయిన. నాలుగేండ్ల కింద నేనూ పోసినోణ్ణే. అందుకే ఇక్కడ రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతోని చదవండి.

ఎండ్రికాయ (ఆంధ్ర దిక్కు పీత అంటరు) నష్టం చేస్తది. కాదనను. లేత నారును కాడ దగ్గర కత్తిరిస్తది. ఒడ్డుకు బుంగ పెడితే రాత్రి పెట్టిన నీళ్లు తెల్లారేసరికి కింది మడిల ఉంటయ్. కానీ నారు కత్తిరించుడు నాటిన రెండు మూడు వారాలే. కాడ గట్టిపడ్డంక జోలికి రాదు. మిగతా కాలం తినేది కుళ్లిన ఆకులు, పాచి, నత్తలు, పురుగులు.

మనం పట్టించుకోనిది ఇంకొకటుంది. సముద్రపు పీత లక్షల గుడ్లు పెడ్తది. దాని పిల్లలు కంటికి ఆననంత చిన్నగ పుట్టి, నీళ్లల్ల కొట్టుకుపోయి ఎక్కడెక్కడో పెరుగుతయ్. ఒక తీరంల తగ్గితే ఇంకో దిక్కు నుంచి వస్తయ్. మన పొలం ఎండ్రికాయ అట్ల కాదు. గుడ్లు తక్కువ, పెద్దయి. తిప్పి చూస్తే కడుపు కింద మడత ఉంటది కదా, మగదానికి సన్నగ, ఆడదానికి వెడల్పుగ, ఆ మడత కిందనే తల్లి గుడ్లు మోస్తది. గుడ్డు పగిలితే వచ్చేది బుల్లి ఎండ్రికాయే, కాళ్లతో సహా. ఆ పిల్లలు గూడ కొన్ని రోజులు తల్లిని పట్టుకొనే ఉంటయ్. అంటే ఒక వాగుల ఇవి ఖతమైతే, పక్క వాగు నుంచి నడిచి రావాలె, లేదా వరదల కొట్టుకొని రావాలె.

ఎండాకాలం తడి తగిలేదాక బుంగ తవ్వుకొని, మూతి మట్టితో మూసి లోపల పడి ఉంటది. ఊపిరి మొప్పలతోనే, అవి తడారొద్దు. మిరుగు వాన పడంగనే బయటికి వస్తది. రోడ్ల మీద బండ్ల టైర్ల కింద పడేవి అవే. మనం గుళికలు పోసేది చాలాసార్లు గుడ్లో పిల్లలో కడుపు కింద ఉన్నప్పుడే.

ఫోరేట్ గుళికల అమ్మకం 2020 డిసెంబర్ 31 నుంచి దేశమంతా బందయింది. అయినా ఎవరి కొట్టంలనో పాత ప్యాకెట్ ఉండనే ఉంటది. ఆ మందు తగిలిన ఎండ్రికాయ బుంగలనే చావదు. సగం ప్రాణంతోని ఒడ్డెక్కుతది. కొంగ తింటది, ముంగిస తింటది, కుక్క తింటది.

నేను పోసిన మర్నాడు, నాట్లకొచ్చిన ఒకామె కొడుకు చిన్నోడు సంచి నిండ ఏరుకొని ఇంటికి పోతున్నడు. ఉరికి గుంజుకున్న. వాడు ఏడ్చిండు. పిల్లగాని కూర గుంజుకుంటవా అని వాళ్లమ్మ తిట్టింది. ఎందుకో చెప్పినంక ఆమె మొహం చూడలేకపోయిన.

ఇప్పుడు నేను చేసేది చెప్త. నాటుకు ముందే ఒడ్డు చెక్కి, బుంగ కనిపిస్తే చివరిదాక పారతో తవ్వి పచ్చిమట్టి తొక్కుత. పైపైన మట్టి కొడితే రెండు రోజులల్ల మళ్ల తెరుస్తది, అది ఉత్త పని. ఇరవై అయిదు రోజుల నారు పెడ్త, మొదటి పది రోజులు నీళ్లు పల్చగ ఉంచుత. మడి మూలలకు పాత ప్లాస్టిక్ డబ్బాలు నేల మట్టానికి పాతి, తవుడు ముద్దల ఎండుచేప కలిపి వేస్త. తెల్లారేసరికి కూరకు సరిపోను పడ్తయ్. కూర మాత్రం బాగ ఉడకాలె. సగం ఉడికినవి తింటే ఊపిరితిత్తులకు పట్టే పురుగు ఒకటుంది. ఈశాన్య రాష్ట్రాలల్ల ఆ జబ్బును క్షయ అనుకొని మందులు మింగినోళ్లున్నరు. గుడ్లున్న తల్లి దొరికితే వాగుల ఇడిచిపెడ్త, ఇంట్ల నవ్వినా సరే.

గుళికలు పోసిన మా కింది మడి ఒడ్డుకు ఇప్పటిదాక ఒక్క బుంగ పడలె. సంబరపడాలె కదా. ఆ మూలకు కొంగ గూడ వస్తలేదు. మీ దిక్కు వాగులల్ల ఇంకా ఉన్నయా? ఏ ఊరో, ఎంతమంది పట్టుకొస్తున్నరో రాయండి.