దుక్కి కొద్దీ పంట

ఇంజనీరింగు సీట్ల కేటాయింపు ప్రతి యేటా మన అనంతపురం జిల్లాలో వేరుశనగ విత్తనం పనులతో పాటే వస్తుంది. ఫలానా వారి పిల్లవాడికి సీటు వచ్చిందన్న కబురు తెలియగానే ఊళ్లో అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత కళాశాల తెరిచేదాకా ఆ పిల్లవాణ్ణి పట్టించుకునే వారుండరు. తల్లిదండ్రులు ఫీజుకు, హాస్టలుకు డబ్బు సమకూర్చుకునే తొందరలో ఉంటారు. పిల్లవాడు గండం గడిచిందనుకొని విశ్రాంతి తీసుకుంటాడు. నిజానికి గండం గడవలేదు. అది మొదటి సంవత్సరంలో కాచుకొని ఉంది.

దుక్కి కొద్దీ పంట అన్నది రైతుకు ఒకరు చెప్పవలసిన మాట కాదు. వాన పడ్డాక నాగలి వెతుక్కునేవాడిని చూసి ఊరు నవ్వుతుంది. మరి నాలుగేళ్ల చదువుకు పిల్లవాడిని దుక్కి లేకుండా పంపడం ఏ పాటి వివేకం?

ఒకప్పుడు ఈ చదువు కొద్దిమందికే దక్కేది. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురానికి తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాలే మన ప్రాంతానికి చాలాకాలం దిక్కు. అది 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరింది. 2008లో అనంతపురానికే ప్రత్యేకంగా ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ కాలంలోనే ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం రావడంతో కూలి చేసుకునే వారి ఇళ్లలోని పిల్లలు కూడా కళాశాల గడప తొక్కగలిగారు. ఇది హర్షించవలసిన మార్పు. అయితే గడప దాటిన పిల్లవాడికి లోపల దారి చెప్పేవారు ఇంట్లో లేరు. ఆ ఇంట్లో ఇంజనీరింగు చదివిన మొదటి మనిషి అతడే. పట్నం పిల్లవాడికి అన్నో, మేనమామో చెప్పే నాలుగు మాటలు ఇతడికి అందవు.

ఇంటర్మీడియట్లో రెండేళ్లూ పిల్లలకు అలవాటు చేసేది బిట్లు పెట్టడం. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకొని గుర్తు పెడితే సరిపోయేది. ఇంజనీరింగులో ఆ విద్య పనికిరాదు. లెక్కను మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా కాగితం మీద చేసి చూపాలి. పరికరం ఎలా పనిచేస్తుందో సొంత మాటల్లో ఇంగ్లీషులో రాయాలి. బొమ్మ కొలత తప్పకుండా గీయాలి. ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్నవారు సైతం మొదటి సెమిస్టరులో తడబడడానికి ముఖ్య కారణం ఇదే. తెలివి తక్కువై కాదు, అలవాటు లేక.

నిబంధనలు కూడా ముందే తెలుసుకొని ఉండడం మంచిది. రాష్ట్రంలో 2023 నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం రాతపరీక్ష ఉండే సబ్జెక్టుకు నూటికి 30 మార్కులు కళాశాలలోనే వేస్తారు, 70 మార్కులకు సెమిస్టరు చివర పరీక్ష. ఆ పరీక్షలో 35 శాతం, మొత్తం మీద 40 మార్కులు వస్తేనే ఉత్తీర్ణత. కాబట్టి చివర్లో చూసుకుందామంటే కుదరదు. మొదటి మిడ్ పరీక్ష కొన్ని వారాల్లోనే వచ్చిపడుతుంది. హాజరు 75 శాతం తప్పనిసరి. 65కు, 75కు నడుమ ఉన్నవారు తగిన కారణం చూపి మినహాయింపు కోరవలసి ఉంటుంది. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవవలసిందే. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా 75 శాతం హాజరే కొలబద్ద. కోతలకో, పెళ్లికో, జాతరకో పిల్లవాడిని పదేపదే ఇంటికి పిలిపించే తల్లిదండ్రులు ఈ లెక్క మరువరాదు.

మరి కళాశాల తెరిచేలోగా చేయవలసినదేమిటి? మొదటిది లెక్కలు. మాత్రికలు, అవకలనం, సమాకలనం రోజుకు గంటసేపు తిరగేస్తే చాలు. మొదటి సంవత్సరం గణితం వాటి మీదనే నిలబడి ఉంటుంది. రెండవది ఇంగ్లీషు. పాఠ్యపుస్తకంలో రోజుకు అరపేజీ చదివి, అర్థమైనది తెలుగులో చెప్పుకొని, మళ్లీ ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాయాలి. ఇంగ్లీషు రాదన్న భయానికి ఇంతకు మించిన మందు లేదు. మూడవది ప్రోగ్రామింగు. ఏ శాఖ తీసుకున్నా సి భాష చదవక తప్పదు. దానికి కంప్యూటరు కొనేదాకా ఆగనక్కరలేదు. ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి, ఎప్పుడు ఆపాలి అని వరుసగా కాగితం మీద రాయడంతోనే ఆ విద్య మొదలవుతుంది. ఐఐటీల ఆచార్యులు చెప్పిన పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఇంజనీరింగు పుస్తకాలు కొన్నింటిని తెలుగులో కూడా తెచ్చింది. ఇంట్లో ఉన్న ఫోను సినిమాలకే కాక వీటికీ పనికివస్తుంది.

పల్లెటూరి పిల్లవాడు తాను వెనుకబడినవాడినని అనుకోనక్కరలేదు. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో నేర్పేది వడ్రంగం, ఫిట్టింగు, రేకుపని, వైరింగు. ఊరి వడ్రంగి దగ్గర నాలుగు రోజులు కూర్చొని రెండు కొయ్యలు ఎలా అతుకుతాయో చూసినవాడు పట్నం పిల్లల కంటే ముందుంటాడు. బోరు మోటారు స్టార్టరు విప్పి బిగించడం చూసినవాడికి విద్యుత్తు పాఠం కొత్త కాదు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఐదు హార్స్‌పవర్ మోటారంటే 3,730 వాట్లు. పూర్తి బరువు మీద గంటసేపు నడిస్తే, మోటారులో పోయే నష్టం కూడా కలుపుకొని నాలుగు యూనిట్ల పైచిలుకు ఖర్చవుతుంది. ఈ లెక్కను తన చేనులోనే చేసి చూసుకున్న విద్యార్థికి పుస్తకంలోని సూత్రం పరాయిదిగా తోచదు.

ఇక డబ్బు సంగతి. చేరిన రోజే ఖరీదైన ల్యాప్‌టాప్ కావాలని అప్పు చేయవద్దు. కళాశాలలో ల్యాబులున్నాయి, అవసరం చూసుకొని తర్వాత కొనవచ్చు. మొదట కావలసినవి డ్రాయింగు సామాను, సైంటిఫిక్ క్యాలిక్యులేటరు, ల్యాబ్ కోటు. పై తరగతి వారి దగ్గర ఇవి సగం ధరకే దొరుకుతాయి. రుసుము చాలకపోతే వడ్డీ వ్యాపారి గడప తొక్కే ముందు బ్యాంకుకు వెళ్లండి. నాలుగు లక్షల రూపాయల దాకా విద్యా రుణానికి పొలం తాకట్టు అక్కరలేదు. సీటు ఇప్పిస్తామని తిరిగే దళారులకు పైసా ఇవ్వవద్దు. క్యాపిటేషన్ ఫీజును మన రాష్ట్రంలో 1983లోనే చట్టం నిషేధించింది.

ర్యాగింగు భయంతో చదువు మానుకొని వచ్చే అవసరమూ లేదు. 1997 నాటి చట్టం ప్రకారం అది శిక్షార్హమైన నేరం. 1800-180-5522 నంబరుకు ఏ వేళనైనా ఫిర్యాదు చేయవచ్చు. తల్లిదండ్రులు ఈ నంబరు రాసి పిల్లల చేతిలో పెట్టాలి. ముఖ్యంగా తొలిసారి ఇల్లు విడిచి హాస్టలుకు వెళ్లే ఆడపిల్లలకు ధైర్యం చెప్పి పంపాలి గాని, భయపెట్టి ఆపరాదు.

అన్నీ విద్యార్థి ఒక్కడే చేసుకోవాలనడం న్యాయం కాదు. పల్లె ప్రజలు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నారు. ఆ సొమ్ముతో ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ ఇంజనీరింగు మొదటి సంవత్సరం పుస్తకాలు కనీసం రెండేసి ప్రతులు ఉంచాలని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాము. కళాశాలల్లో చేరాక మూడు వారాల పరిచయ కార్యక్రమం జరపాలన్నది సాంకేతిక విద్యా మండలి సూచన. అటువంటిదే మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో చేరికకు ముందే ఒక వారం జరిపితే మరింత మేలు. సెలవులకు ఊరు వచ్చిన సీనియర్ విద్యార్థులు పాఠం చెప్పవచ్చు. విశ్వవిద్యాలయం ఒక్కొక్క మండలానికి ఒక్క అధ్యాపకుడిని ఒక్కరోజు పంపినా చాలు. దీనికి పెద్ద బడ్జెట్టు అక్కరలేదు, తలపెట్టేవారు కావాలి.

సీటు తెచ్చుకున్న పిల్లవాడు నాలుగేళ్లలో పట్టా చేతబట్టుకొని తిరిగి రావాలి. సబ్జెక్టులు మిగుల్చుకొని, అప్పు మోసుకొని రాకూడదు. అతడు చదువుకు వెళ్లేది ఒక్క ఇంటి కోసమే కాదు. వెనుక వచ్చే చిన్నపిల్లలకు దారి చూపవలసినవాడు అతడే. విత్తనం వేయడానికి ఇంకా వ్యవధి ఉంది. దుక్కి ఇప్పుడే మొదలుపెట్టాలి.