ఫోన్ ఎత్తేటోని గోస కూడ వినుండ్రి

పోస్టు పొడుగున్నది. డ్యూటీ దిగి, తిన్నంక తీరుబడిగ చదువుండ్రి.

మన దగ్గర ఒక అలవాటున్నది. ఏజెంటు మోసం చేసిన ఆడబిడ్డనో, పాస్‌పోర్టు గుంజుకొని జీతం లేకుండ ఎడారిల గొర్ల కాడ పడేసిన తమ్మున్నో ఎవరన్న తిప్పలు పడి ఇంటికి పంపిస్తే, ఆ పంపించినోనికి శాలువ కప్పుతం. ఫోటో దిగుతం. గ్రూపులల్ల పెడతం. కింద అందరు దండం పెట్టే బొమ్మలు పెడతరు. ఆ రాత్రి వానికి నిద్ర పట్టిందా అని మాత్రం ఒక్కరు అడగరు. ఈ పోస్టు ఆ నిద్ర గురించే.

మేము అంటే సంఘం కాదు. బ్యానర్ లేదు, లెటర్‌హెడ్ లేదు. షార్జా, అజ్మాన్ దిక్కు పని చేసే ఆరుగురం. ఒకరు సైట్ సూపర్‌వైజర్, ఒకరు క్రేన్ ఆపరేటర్, ఒకరు కంపెనీ బస్సు డ్రైవర్, ఇద్దరు ఏసీ పనోళ్ళు, ఒక అక్కది ఆసుపత్రిల క్లీనింగ్ పని. మాలో పెద్ద చదువు అంటే పదో తరగతే. పది పాసైన మెమో ఉంటే పాస్‌పోర్టుకు ఈసీఆర్ ఉండదని మీకెరుకే. ఆ మెమోనే మమ్ముల ఈ పనిలకు దించింది అనుకోవాలె. 2015ల మన విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ తెచ్చింది. కంప్లైంటు ఆన్‌లైన్‌ల రాయాలె. క్యాంపుల రాయరానోళ్ళు "అన్నా, జర నింపి పెట్టు" అని వచ్చేది. అట్ల ఒక్క ఫారంతోటి మొదలైంది. ఇప్పుడు మా నంబర్లు మేము ఎన్నడు చూడని ఊర్లల్ల తిరుగుతున్నయి.

మనుషుల అక్రమ రవాణా అంటే సినిమాల లెక్క చేతులు కట్టేసి లారీల ఎక్కించుడు అనుకుంటరు చాలమంది. మనం చూసేది అది కాదు. ఆ మనిషి తన కాళ్ళ మీద నడిచే విమానం ఎక్కుతది. మన దేశం రూలు ప్రకారం ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి ఇంటి పనికి గల్ఫ్ రావాలంటే 30 ఏండ్లు నిండాలె, ఈ-మైగ్రేట్‌ల నమోదు కావాలె, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారా రావాలె. దొంగ ఏజెంటు ఇవేవీ చేయడు. విజిట్ వీసా కొట్టిస్తడు. ఎయిర్‌పోర్టుల అడిగితే చుట్టాలింటికి పోతున్న అని చెప్పమంటడు. ఇక్కడ దిగినంక పాస్‌పోర్టు ఆమె చేతిల ఉండదు. ఒక ఫ్లాట్ల ఇంకా కొంతమందితోటి పెడతరు, అక్కడి నుంచి ఏ ఇంటికో, ఒక్కోసారి ఒమన్ బార్డర్ దాటించి ఏ ఊరికో పంపిస్తరు. పని చేయనంటే "నీ మీద ఇన్ని పైసలు పెట్టినం, అవి కట్టి పో" అంటరు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన అక్కల కథ ఎక్కువగ ఇదే. మా జగిత్యాల, నిజామాబాద్ మొగోళ్ళదయితే క్లీనింగ్ పని అని చెప్పి ఒంటెల కాడ వదిలిపెట్టిన కథ.

యూఏఈ 2006లోనే దీని మీద చట్టం చేసింది. బాధితులైన ఆడోళ్ళ కోసం అబుదాబిల 2008ల ఈవా షెల్టరు పెట్టిండ్రు. పోలీసు దాకనో, కాన్సులేట్ గేటు దాకనో వచ్చిన మనిషికి ఒక దారి ఉంటది. అక్కడిదాక వచ్చుడే కష్టం. ఆ మధ్యల ఆమెకు దొరికేది మా అసొంటోళ్ళ ఫోనే.

ఆ ఫోన్ ఎట్లుంటదో చెప్తం. రాత్రి పన్నెండు, ఒంటి గంటకు వస్తది. ఇంటోళ్ళు పండుకున్నంక ఆమె బాత్రూముల కూసోని, బయటికి వినబడకుండ నల్లా ఇప్పి, ఆ నీళ్ళ సప్పుడు వెనుకకెల్లి గుసగుసగ మాట్లాడుతది. "అన్నయ్యా, నన్ను ఇక్కడి నుంచి తీసేయండి అన్నయ్యా." ఇల్లు ఏ ఊర్లున్నదో చెప్పలేదు. లొకేషన్ పంపుడు రాదు. ఏమేం జరిగిందో కొంత చెప్తది, కొంత మింగుతది. మింగినదే మనకు ఎక్కువ అర్థమైతది. మధ్యల తలుపు కొట్టిన సప్పుడు. కాల్ కట్. మళ్ళ చేస్తే స్విచాఫ్. పొద్దున నాలుగున్నరకు మన బస్సు. ఆమె ఏమైందో తెల్వకుండనే పోయి కాంక్రీటు పోయించాలె.

మా డ్రైవర్ తమ్మునికి అసొంటి కాల్స్ ఏండ్ల సంది వస్తున్నయి. ఇంటికి పంపినోళ్ళు ఉన్నరు, చేరంగనే వాళ్ళ అమ్మానాయిన ఫోన్ చేసి ఏడ్చుడు మేమందరం విన్నం. ఒకామె ఫోన్ మాత్రం స్విచాఫ్ అయింది అయ్యిందే. కాన్సులేట్‌ల చెప్పినం, మదద్‌ల పెట్టినం, ఊర్లె వాళ్ళ అన్నతోటి కేసు పెట్టించినం. ఇయాల్టి దాక ఆచూకి లేదు. ఆమె పంపిన వాయిస్ మెసేజులు ఆయన ఫోన్లనే ఉన్నయి. తీసేయలేడు, వినలేడు. కొన్నాళ్ళకు మేము చూసింది ఏందంటే, రూముల ఎవరన్న నల్లా ఇప్పితే ఆయన ఉలిక్కిపడి లేస్తుండు. బిడ్డతోటి వీడియో కాల్ మాట్లాడుడు బంద్ చేసిండు. బిడ్డకు పదమూడేండ్లు. "దాన్ని చూస్తే బుగులైతుంది" అన్నడు ఒక్కనాడు, అంతే, మళ్ళ నోరు తెరువలేదు. ఇంటామె మాకు ఫోన్ చేసి, మా ఆయన వేరే పెండ్లి చేసుకున్నడా, నిజం చెప్పుండ్రి అని అడిగింది. ఆమె తప్పు లేదు. ఎవరు చెప్పిండ్రు ఆమెకు?

ఆసుపత్రిల పని చేసే మా అక్క, ఆమె వార్డుల మలయాళీ నర్సమ్మను అడిగి తెలుసుకున్నది. దీనికి పేరున్నదట. దెబ్బ తిన్నోళ్ళ కథలు మళ్ళ మళ్ళ వినేటోనికి కూడ ఆ దెబ్బ తగులుతదట. నిద్ర పోకపోవుడు, చిన్న సప్పుడుకు ఉలికిపాటు, ఊకె కోపం, లేదంటే ఏ కోపమూ ఏ దుఃఖమూ లేకుండ రాయి లెక్క అయిపోవుడు, ఎవ్వరిని నమ్మకపోవుడు, ఇంట్ల ఆడపిల్లల మీద లేని భయం. ఇవన్ని గుర్తులే. అమెరికా మానసిక డాక్టర్ల సంఘం 2013ల వేసిన పుస్తకంల కూడ, పని మీద అసొంటి వివరాలు పదే పదే వినవలసి వచ్చే పోలీసులు, శవాలను ఏరేటోళ్ళకు ఈ రోగం రావచ్చని రాసిండ్రట. పోలీసోనికి రాంగ లేనిది మన డ్రైవర్‌కు వస్తే పిరికితనం ఎట్లయితది?

పైన ఇంకో బరువున్నది. పారిపోయిన మనిషికి రూముల జాగ ఇస్తే ఈ దేశంల నేరం. లైసెన్సు లేకుండ చందాలు వసూలు చేసుడు కూడ నేరమే. అందుకే ఎవ్వరినీ రూముకు తేము, పైసలు ముట్టం, దారి మాత్రం చూపిస్తం. అయినా ఏజెంటు మనుషులు ఫోన్ చేసి "నీ ఐడీ నంబర్ మా దగ్గర ఉన్నది" అని బెదిరిస్తరు. ఈ భయం ఒకటి. అందుకే పనిల పక్కోనికి కూడ చెప్పుకోలేం. ఇంట్ల చెప్తే "నీకెందుకయ్యా అవన్ని, అప్పు తీరేదాక నీ పని నువ్వు చూసుకో" అంటరు. అందరి తాన మూసుకునే నోరు ఎక్కడనో ఒక కాడ తెరుచుకోవాలె గద.

మా సైటు భాషల చెప్తం. మ్యాన్‌హోల్‌ల ఒకడు పడిపోతే, పైనున్నోడు ఆగలేక దిగుతడు, వాడు గూడ పడిపోతడు, మూడోడు దిగుతడు. అసొంటి ప్రమాదాలల్ల కాపాడబోయినోళ్ళే ఎక్కువమంది పోయిన సంగతి సేఫ్టీ ట్రైనింగ్ తీసుకున్న ఎవ్వనికైన తెలుసు. అందుకే గ్యాస్ చెక్ చేయకుండ దిగనియ్యరు. బెల్టు కట్టుకోవాలె, తాడు పైనోని చేతిల ఉండాలె, పైన ఒకడు కండ్లు ఆర్పకుండ నిలబడాలె, టైం కాంగనే లోపలోన్ని బయటికి గుంజాలె. ఎండ సంగతి సూడుండ్రి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండల పని చేయిస్తే కంపెనీకి జరిమానా. ఒంటికి తగిలే ఎండకు రూలున్నది. ఈ పనిల మనసుకు తగిలేదానికి తాడు లేదు, బెల్టు లేదు, పైన నిలబడ్డోడు లేడు. గుండె ధైర్యం ఉన్నోడే చేయాలె అంటే సరిపోతదా? గుండె ధైర్యం ఉన్నోడే మ్యాన్‌హోల్‌ల ముందుగ దిగి పోతడు.

కొందరు అంటరు, మిమ్ముల ఎవరు చేయమన్నరు, ఇష్టముండి చేస్తున్నరు గద అని. ఇష్టముండే చేస్తున్నం. ఇష్టముండి చేసేటోనికి జరమొస్తే గోలి ఇయ్యరా? ఇంకొందరి మాట గట్టిదే, దానికి జవాబు చెప్పాలె. బాధితులకే పైసలు, మనుషులు సరిపోతలేరు, మీకు కౌన్సెలింగ్ ఎక్కడి నుంచి తేవాలె అంటరు. కష్టం ఎక్కువ పడ్డది ఆమెనే, అది మేము మరువం. ఆమె పడ్డదాని ముందల మాది ఎంత? కాని డ్రైవర్ తమ్ముడు ఫోన్ ఎత్తుడు బంద్ చేసినంక ఆ నంబరుకు వచ్చిన కాల్స్ ఎవరు ఎత్తాలె? ఊర్లల్ల ఆ నంబరే తిరుగుతున్నది. రాత్రి బాత్రూముల కూసోని రింగు పోతుంటే వింటున్న ఆ మనిషి కోసమే మేము ఇది అడిగేది.

క్యాంపుల మందు అందరికీ తెలిసిందే, ఒక్క పెగ్గు వేస్తే నిద్ర పడతది అంటరు. పడతది, రెండు గంటలు. దాని గురించి ఎక్కువ రాయం.

ఇగ మన చేతుల ఉన్నదేందో మాట్లాడుదం. అన్నిటికన్న ముందుగ, ఆ వీడియోలు, ఫోటోలు, ఏడ్చిన వాయిస్ మెసేజులు గ్రూపులల్ల తిప్పుడు ఆపాలె. ఆమె పరువు పోతది, అది ఒకటి. పనికిరాకుండ రెండు వందల మంది మనసుల మీద ఆ బరువు పడతది, అది రెండోది. కేసుకు కావలసింది పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏజెంటు పేరు, ఊరు, ఇల్లు ఎక్కడున్నదో గుర్తులు. ఒక్కరు వినాలె, కాయితం మీద రాయాలె, మిగిలినోళ్ళకు ఆ కాయితమే పోవాలె. ఆమె గూడ ఒక్కసారి చెప్పింది పదిమందికి పదిసార్లు చెప్పే పని తప్పుతది. కొన్ని సంఘాల పెద్దలు "ఆమెతోటి మేము కూడ మాట్లాడుతం" అని వరుసగ ఫోన్లు చేస్తరు. ఎందుకయ్యా? మాట్లాడి మీరు చేసేదేమున్నది, ఫేస్‌బుక్‌ల పెట్టుకునుడు తప్ప?

ఏ కేసైన ఇద్దరు పట్టాలె. ఒకరు ఆమెతోటి మాట్లాడితే, రెండోది ఆ మాట్లాడినోన్ని చూసుకోవాలె. తిన్నవా, పండుకున్నవా, ఇంటికి ఫోన్ చేసినవా, ఇంతే. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. రాత్రి ఫోన్ కూడ వంతులు పెట్టుకోవాలె, షిఫ్టుల లెక్క. రోజంతా ఎండల నిలబడ్డోడు రాత్రి కూడ ఒక్కడే మోయవద్దు.

సంఘాల పెద్దలకు ఒక మాట. మీరు దసరాకు, ఉగాదికి పెద్ద హాళ్ళు కిరాయికి తీసుకొని ఆటపాటలు పెడతరు, సంతోషమే, మేము గూడ వచ్చి కూసుంటం. ఆ పరిచయాలతోటే తెలుగు వచ్చిన కౌన్సెలర్‌ను వెతికి, నెలకు ఒక్క ఆదివారం సేవ చేసేటోళ్ళ కోసం కూసోపెట్టలేరా? హిందీల ఏడ్చుడు మాకు రాదు. దుబాయ్‌ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉన్నది, కార్మికులకు లాయరు సలహాతోటి పాటు మానసిక సలహా కూడ ఇస్తరు. సేవ చేసేటోడు గూడ కార్మికుడే, పోవచ్చు, సిగ్గుపడేది లేదు. సెలవు మీద ఇంటికి పోయినప్పుడు 14416కు చేయుండ్రి. టెలీ మానస్ అంటరు, 2022ల మన ప్రభుత్వం పెట్టింది, తెలుగుల మాట్లాడుతరు, పైసలు అక్కరలేదు.

ఎంబసీ వాళ్ళను అడగవలసింది ఇంకోటున్నది. ఆపదల ఉన్న ఇండియా వాళ్ళకు టికెట్టు, ఉండుడు తినుడు, లాయరు, శవం పంపుడు, ఇవన్ని చేసే సంక్షేమ నిధి 2009 నుంచి ఉన్నది. అదెక్కడి పైస? మనం పాస్‌పోర్టు రెన్యువల్‌కు పోయినప్పుడు ఫీజు మీద కొంత కట్టిస్తరు చూడుండ్రి, అది. మన చెమట పైస. దాంట్ల కొంచెం ఈ పని మీద తిరిగే వాలంటీర్ల ట్రైనింగుకు, కౌన్సెలింగుకు పెట్టుమని అడుగుదం. ఓపెన్ హౌస్ పెట్టినప్పుడు పోయి కాయితం ఇద్దం. పది క్యాంపుల నుంచి పది కాయితాలు పోతే జవాబు చెప్పక తప్పదు. మేము ఒకటి రాసిపెట్టినం, కావలసినోళ్ళు ఇన్‌బాక్స్‌ల అడుగుండ్రి, పేర్లు మార్చుకొని వాడుకోండ్రి.

మా కాడ వంతులు మొదలు పెట్టినం. ఈ వారం ఫోన్ క్రేన్ ఆపరేటర్ అన్న దగ్గర, ఆయనను చూసుకునేది ఏసీ తమ్ముడు. డ్రైవర్ తమ్ముని ఇంటామెకు మా అక్కనే ఫోన్ చేసి సంగతి మొత్తం చెప్పింది. ఆ వాయిస్ మెసేజులు కేసు కోసం వేరే కాపీ తీసి, ఆయన ఫోన్ల నుంచి తీసేసినం, ఆయన ఒప్పుకున్నంకనే. రెండు నెలల సంది ఆయన కాల్స్ ఎత్తుత లేడు, మేము ఎత్తుమంట లేము. పోయిన ఆదివారం బిడ్డతోటి ఐదు నిమిషాలు మాట్లాడిండు. వీడియో కాదు, ఉత్త ఫోనే.