మొండికి సిరప్ లేదు, తర్ఫీదు ఉంది

“మాట వినకపోతే అదిగో డాక్టరమ్మ, సూదేసేస్తుంది.” మా క్లినిక్ వరండాలో ఈ మాట వినపడని పూట ఉండదు. పిల్లల వైద్యం చదివింది బూచి ఉద్యోగానికి కాదని చెప్పుకున్నా ఎవరూ వినరు. ఆ తల్లే లోపలికొచ్చాక గొంతు తగ్గించి, “మేడం, వీడి మొండితనం తగ్గడానికేమైనా సిరప్ రాస్తారా?” అంటుంది. కొడుతున్నాడట. కొరుకుతున్నాడట. ఫోన్ లాక్కుంటే తల నేలకేసి బాదుకుంటున్నాడట.

చెవులు సరిగా వినపడుతున్నాయా, మాటలు వయసుకు తగ్గట్టు వచ్చాయా, నిద్రెలా ఉంది, రక్తం తక్కువేమో అని ముందు చూస్తాను. ఆటిజం లక్షణాలు కనిపిస్తే దారి వేరు, జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తాను. రెండేళ్ల పిల్ల అప్పుడప్పుడూ కిందపడి ఏడిస్తే అది జబ్బే కాదు. ఇవన్నీ పోగా మూడేళ్లకీ ఆరేళ్లకీ మధ్య పిల్లలు చాలామంది మిగులుతారు. వాళ్లకి నా దగ్గర సిరప్ లేదు. చికిత్స మాత్రం ఉంది, చేయించుకోవాల్సింది ఇంట్లో పెద్దవాళ్లు.

అమెరికాలోని ఓరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఇళ్లకే వెళ్లి కూర్చుని, గొడవలో ఎవరి తర్వాత ఎవరు ఏం చేశారో వరసగా రాసుకుంది. 1982లో ఆయన పుస్తకంగా వేసిన సంగతి మన వంటింట్లో ఏ రోజైనా చూడొచ్చు. అన్నం వేళకి పిల్లాడు చిప్స్ అడిగాడు. వద్దంది తల్లి. ఏడ్చాడు. వద్దంది. కిందపడి దొర్లాడు. పొయ్యి మీద కూర మాడుతోంది, పక్కింటావిడ తొంగిచూస్తోంది. “తిని చావు” అని ప్యాకెట్ పడేసింది. ఇల్లు చల్లబడింది. దొర్లితే దొరుకుతుందని వాడికి తెలిసింది, ఇచ్చేస్తే నోరు మూస్తాడని ఆవిడకి తెలిసింది. రేపు వాడు ఏడుపుతో కాలయాపన చేయడు, నేరుగా దొర్లుడే. ఇంకోరోజు ఆవిడ ఒకటి వేస్తుంది, వాడు టక్కున ఆగుతాడు. దెబ్బ మీద ఆవిడకి గురి కుదురుతుంది. కొన్నాళ్లకి ఒక దెబ్బ చాలదు.

ఈ ముడి విప్పడమే తర్ఫీదు. షీలా ఐబర్గ్ 1970ల్లో మొదలుపెట్టిన పద్ధతిలో తల్లి ఒక గదిలో పిల్లాడితో ఆడుతుంటే, అద్దం అవతల నుంచి శిక్షకురాలు ఆమె చెవిలోని పరికరంలో చెబుతూ ఉంటుంది: ఇప్పుడు మెచ్చుకోండి, ఇప్పుడు చూడనట్టు ఊరుకోండి. క్రమశిక్షణ మొదట్లోనే రాదు. తొలి వారాలన్నీ రోజుకి ఐదు నిమిషాలు పిల్లాడు నడిపించినట్టు ఆడటం, చేసిన పని పేరుపెట్టి మెచ్చుకోవడం. ఊరికే “గుడ్ బాయ్” అంటే వాడికేం తెలుస్తుంది? “చెప్పులు నువ్వే సర్దావే!” అనాలి. పని చెప్పడం ఆ తర్వాత. వంటింట్లోంచి అరవకుండా దగ్గరికెళ్లి, ఒక్కసారే, చిన్న మాటలో. చూడనట్టు ఊరుకోవడం మొదలుపెట్టిన తొలిరోజుల్లో ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఏ తల్లీ నిలబడలేదు.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి నాయనమ్మ వస్తుంది. “పసివాణ్ణి ఏడిపించి చంపుతున్నావేంటే” అని ఎత్తుకుని చేతిలో ఫోన్ పెడుతుంది. అడపాదడపా దొరికేది మరీ ప్రమాదం, లాటరీ టికెట్టులాగా ఆశ చావనివ్వదు. అందుకే కోడలికొక్కదానికే నేర్పితే మన ఇళ్లలో సగం పనే అవుతుంది. నేను నాయనమ్మల్నీ రమ్మంటాను. వస్తే తొందరగానే పట్టుకుంటారు, ఆటలూ కథలూ వాళ్ల దగ్గర బోలెడు. తండ్రులే స్కూటర్ దిగరు.

“మేం దెబ్బలు తినే పెరిగాం, బాగానే ఉన్నాంగా” అంటారు కొందరు పెద్దమనుషులు. బాగాలేనివాళ్లు నా దగ్గరికొచ్చి ఆ మాట చెప్పరు కదా. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మంచిదే. కర్ర పక్కన పెట్టాక ఏం చేయాలో టీచరుకీ చెప్పాలి, తల్లికీ చెప్పాలి. ఆ రెండోపని ఎవరి శాఖ? ఆరేళ్లలోపు పిల్లల్లో అతి చురుకుదనం సమస్యకి మందుకన్నా ముందు తల్లిదండ్రుల తర్ఫీదేనని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లోనూ చెప్పింది. మన ఊళ్లో అలా రాసిచ్చినా, ఆ చీటీ పట్టుకుని ఎక్కడికెళ్లాలి?

ప్రభుత్వ టీకాల పట్టికలో 16–24 నెలల బూస్టర్ అయ్యాక మళ్లీ పెద్ద టీకా 5–6 ఏళ్లకే. మొండితనం ముదిరే వయసంతా ఆ ఖాళీలోనే గడుస్తుంది. కానీ ఐదేళ్లు నిండేదాకా ఆరునెలలకోసారి విటమిన్-ఎ ద్రావణం వేయాలి. మూడేళ్లు దాటిన పిల్లలకి అంగన్‌వాడీ ఉంది. విటమిన్-ఎ వేసే రోజునే ఇంట్లో పిల్లాడితో ఎలా ఉందని అడగండి. ఇబ్బందిపడుతున్న వాళ్లని వారానికోసారి, ఎనిమిది పది వారాలపాటు, అంగన్‌వాడీలోనే పిల్లలతో సహా కూర్చోబెట్టండి. పిల్లలతో సహా అనడానికి కారణం ఉంది. 2008లో 77 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులకి, తల్లిదండ్రులు అక్కడికక్కడే సొంత పిల్లలతో సాధన చేసిన చోట ఫలితం మెరుగ్గా కనిపించింది. కాబట్టి బ్యానరు కట్టి, మైకు పెట్టి, “అవగాహన సదస్సు” జరిపించి ఫొటో పంపే పద్ధతి దీనికి పనికిరాదు.

ఇప్పటికే రిజిస్టర్లూ యాప్‌లతో సతమతమవుతున్న అంగన్‌వాడీ టీచరు నెత్తిన దీన్ని కూడా పడేయొద్దు. మండలానికొక శిక్షకురాలిని జీతమిచ్చి వేయండి. వేళ సాయంత్రం ఆరు దాటాక పెట్టండి. పగలైతే కూలికెళ్లే తల్లి రాలేదు, తండ్రికి సాకు దొరుకుతుంది.