బలం చాలని కారు

మలుపులో కారు వెనుక భాగాన్ని కావాలనే జారనిచ్చి, ముందు చక్రాలను ఎదురు దిశకు తిప్పి అదుపులో నిలుపుకోవడమే డ్రిఫ్టింగ్. 1970లలో జపాన్ పందేలలో కునిమిత్సు తకహాషి చూపిన ఈ ఒడుపుకు తరువాత విశేష ప్రచారం తెచ్చినవాడు కెయిచి త్సుచియా. ఆయన పేరుతో పెనవేసుకుపోయిన టయోటా స్ప్రింటర్ ట్రూయెనో 1983లో వెలువడిన చిన్న కారు. ఇంజను 1,587 సి.సి. మాత్రమే.

బలం చాలదని కొత్తవారు మొదట ఇంజను మీదనే డబ్బు కుమ్మరిస్తారు. అది వృథా వ్యయమని నా అభిప్రాయం. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో, వంపు తిరిగేటప్పుడు బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే గిర్రున తిరిగి, ఉన్న కొద్దిపాటి శక్తినీ హరిస్తుంది. కనుక వెనుక చక్రాలు రెండింటినీ కలిపి తిప్పే డిఫరెన్షియల్‌ను ముందుగా అమర్చాలి. బిగువైన స్ప్రింగులు, ఒంటిని పట్టి ఉంచే ఆసనం ఆ తరువాతి మాట. వెనుక టైర్లు పట్టు తక్కువవైతేనే మేలు, చవక కూడాను!

సాధన ఎదురు బండ్లు వచ్చే కొండదారిలో కాదు, రాకపోకలు లేని ట్రాక్ మీదనే. నేల తడిసి ఉంటే మరీ సులువు: తక్కువ వేగంలోనే కారు జారుతుంది, టైరూ అంతగా అరగదు.